స్టూలు దిగని పిల్ల

ఆ అమ్మాయి చైర్మన్ గారి ఎదుట కాలు మీద కాలు వేసుకుని కూర్చుందని కొందరు చెప్పారు. "కనబడటం లేదా, పనిలో ఉన్నాను" అని ఇంగ్లిష్‌లో కసిరిందని మరికొందరు చెప్పారు. ఆఫ్రికాలో ఒక టర్మ్ చదివి వచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయని సొంత మేనత్తే ఒక పెళ్ళి భోజనాల దగ్గర అందరికీ వినబడేలా అన్నది. ఆమె చేతుల్లో ఒక ముసలాయన ప్రాణం పోయిందనీ, అది కప్పిపుచ్చడానికే ఈ గొడవంతా లేవదీసిందనీ కాలేజీ లెక్చరర్ ఒకరు నాతోనే అన్నారు. ఎవరు చెప్పారని అడిగితే, "అందరూ అనుకుంటున్నారండీ" అన్నారు. అందరూ అంటే ఎవరని మళ్ళీ అడిగితే, ఆయనకు క్లాసు గుర్తుకొచ్చింది.

ఆమె పక్షం వాళ్ళూ తక్కువ తినలేదు. చైర్మన్ గారి చేతిలోని పూలగుత్తి లాక్కుని నేలకేసి కొట్టిందనీ, నర్సుల ఆత్మగౌరవం మీద అరగంట ఉపన్యాసం దంచిందనీ, వార్డంతా చప్పట్లతో మారుమోగిందనీ హాస్టల్లో కథలు కథలుగా చెప్పుకున్నారు. ఈ అమ్మాయి వక్తృత్వపు పోటీకి పేరిచ్చి, తన వంతు వచ్చేసరికి బాత్రూంలో గడియ పెట్టుకున్న మనిషి. ఆమె ఉపన్యాసం ఇచ్చిందంటే నేను నమ్మను. ఎవరూ సాక్ష్యం కూడా చూపలేదు.

కాలేజీ వేసిన విచారణ సంఘంలో ఒక న్యాయవాదితో, ఒక డాక్టర్‌తో పాటు బయటి సభ్యుడిగా నన్ను కూర్చోబెట్టారు. ఆ అమ్మాయినీ, ఆమెతో వెళ్ళిన తోటి విద్యార్థినినీ, ప్రిన్సిపాల్‌నూ, చైర్మన్‌నూ విడివిడిగా అడిగాము. ఆఫ్రికాలో వాళ్ళు చదివిన ఆసుపత్రి సీనియర్ నర్సు వీడియోలో సమాధానం చెప్పింది. వీళ్ళ మాటలు ఎక్కడ కలిశాయో అదే ఇక్కడ రాస్తున్నాను. కలవని చోట కలవలేదనే చెబుతాను.

ఇంట్లోనూ కాలేజీలోనూ ఆమెను పొట్టి అనే పిలుస్తారు. దాన్ని ఆమె అవమానంగా తీసుకున్న దాఖలా లేదు. తండ్రి బస్సు కండక్టర్. తల్లి ఇంటి వరండాలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కూతురి యూనిఫారం కూడా ఆమే కుట్టింది. "రేపు ఒళ్ళు చేస్తావు, అప్పుడు మళ్ళీ ఎవరు కుడతారే" అని భుజాల దగ్గర ఇంత ఎక్కువ వదిలింది. పిల్ల ఒళ్ళూ చేయలేదు, ఎత్తూ పెరగలేదు. నర్సింగ్ కోర్సు నాలుగేళ్ళూ ఆ యూనిఫారంలో సంచిలో చేతిగుడ్డలా తిరిగింది.

ఆ కాలేజీలో ఒక అలవాటు ఉంది. ఈ కథంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి వివరంగా చెప్పాలి. డాక్టర్ వార్డులో అడుగు పెట్టగానే నర్సు లేచి నిలబడాలి. మొదటి సంవత్సరం పిల్లలకు పక్క సర్దడం కంటే ముందు నేర్పేది ఇదే. నేర్పేది లెక్చరర్లు కాదు, సీనియర్ విద్యార్థినులు. వాళ్ళు తలుపు చాటున దాక్కుని, ఉన్నట్టుండి "డాక్టర్!" అని అరుస్తారు. ఎవరు చివర లేస్తే వాళ్ళు ఆ పూట మెస్సులో అందరి గ్లాసులూ కడగాలి. పొట్టికి గ్లాసులు కడగడమంటే పరమ చిరాకు. అందుకని అందరికంటే ముందు లేవడం అభ్యాసం చేసింది. రెండో సంవత్సరానికి ఆమె కాళ్ళు ఆమెను అడగకుండానే లేచేవి. ఒకసారి సినిమా హాల్లో తెర మీద డాక్టర్ పాత్ర తలుపు తోసుకుని రాగానే లేచి నిలబడింది. వెనక వరుసవాళ్ళు "కూర్చోమ్మా, నీ వాటా నువ్వు చూశావుగా" అన్నారట.

ఆ కాలేజీకీ ఆఫ్రికాలోని ఒక బోధనాసుపత్రికీ ఒప్పందం కుదిరింది. చివరి సంవత్సరంలో ఇద్దరు విద్యార్థినులు ఒక టర్మ్ అక్కడ చదవవచ్చు. నోటీసు బోర్డు మీద కాగితం చాలా రోజులు వేలాడింది. మేనత్త "అందరూ ఒకవైపు పోతుంటే మనదేమిటి ఇంకోవైపు పోతుంది?" అంది. "ఖాళీగా ఉందత్తా, సీటు దొరుకుతుంది" అని పొట్టి జవాబిచ్చింది. నిజానికి కారణం వేరు. తమ ఆసుపత్రిలో విద్యార్థినులను డయాలసిస్ యంత్రం దగ్గరికి రానివ్వరు, దూరం నుంచి చూపిస్తారు. అక్కడ చేత్తో నేర్పిస్తారని ఆమె విన్నది. విన్నది నిజమే అయింది.

రెండో అమ్మాయి పేరు రేడియో. ఎందుకో ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడిన ఎవరికైనా తెలుస్తుంది. విచారణలో ఆమెను ఒక ప్రశ్న అడిగితే నాలుగింటికి సమాధానాలు వచ్చాయి. అయినా ఒక్క అబద్ధం దొరకలేదని ఇక్కడే చెప్పాలి.

నర్సుల హాస్టల్లో వాళ్ళిద్దరికీ ఇచ్చిన గది మూడో అంతస్తులో ఉంది. రెండు ఇనప మంచాలు, ఒక బీరువా, ఆసుపత్రి చాకిరేవు వైపు తెరుచుకునే కిటికీ. పొద్దున్న లేచేసరికి కింద తీగల మీద తెల్లటి దుప్పట్లు వరసగా ఊగుతూ ఉండేవి. వీధి చివర చెప్పులు కుట్టే మనిషి, పక్కనే ఫోన్లు బాగుచేసే కొట్టు, ఆ పైన మినీబస్సులు ఆగే మలుపు. మొదటి వారం ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచారు. రెండో వారం నుంచి చెప్పులు కుట్టే మనిషి వాళ్ళను చూసి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. కరెంటు ఉండదని కాలేజీలో భయపెట్టి పంపారు గనక రేడియో సూట్‌కేసు నిండా కొవ్వొత్తులు తెచ్చుకుంది. టర్మ్ అయ్యాక అవి అలాగే తిరిగి వెళ్ళాయి. యంత్రాలు తమ ఆసుపత్రిలో ఉన్నవాటి లాంటివే. తేడా ఒక్కటే. అక్కడ వాటిని ముట్టుకోనిచ్చారు.

ఆ విభాగాన్ని నడిపే సీనియర్ నర్సును అందరూ పెద్ద సిస్టర్ అనేవారు. చుట్టూ పదిమంది ఉన్నా గొంతు పెంచని మనిషి. మొదటి రోజు పొట్టిని కింది నుంచి పైకి చూసి, గోడ పక్కనున్న ఎత్తయిన స్టూలు తెచ్చి మంచం పక్కన పెట్టింది. "ఇది నీది. ఎవరైనా అడిగితే ఇవ్వకు" అంది.

పనిలో చివరి ఘట్టమే అన్నిటికంటే ఓపిక కోరేది. యంత్రం ఆగాక రోగి చేతిలోని సూదులు తీస్తారు. ఆ సూదులు మామూలు సూదుల్లాంటివి కావు, లావుపాటివి. గుచ్చిన నాళంలో రక్తం ఉరకలేస్తుంటుంది. తీసిన చోట గాజుగుడ్డ పెట్టి రెండు వేళ్ళతో నొక్కి పట్టుకోవాలి. మరీ గట్టిగా నొక్కితే లోపల గడ్డకట్టి నాళమే పాడవుతుంది. వదులుగా పట్టుకుంటే రక్తం చిమ్ముతుంది. ఆగిందేమో చూద్దామని మధ్యలో ఎత్తారా, పని మళ్ళీ మొదటికి వస్తుంది. అంతసేపూ ఆ రోగి ప్రాణానికి ఆ రెండు వేళ్ళే మూత.

పొట్టికి అప్పగించిన రోగుల్లో ఒక ముసలి దర్జీ ఉన్నాడు. రోజు విడిచి రోజు వచ్చేవాడు. మొదటి పరిచయంలోనే ఆమె యూనిఫారం భుజం పట్టుకుని చూశాడు.

"ఇదెవరు కుట్టారు?"

"మా అమ్మ."

"కుట్టు బాగుంది. కొలతే... మీ అమ్మ నిన్ను ఎప్పుడైనా చూసిందా?"

పొట్టి నవ్వింది. ఆ తర్వాత నుంచి ఆయన వచ్చిన ప్రతిసారీ ఆమె తల్లి గురించి అడిగేవాడు. ఏ మిషను, కాలితో తొక్కేదా కరెంటుదా, కళ్ళు ఎలా ఉన్నాయి, గుండీల కాజాలు చేత్తోనే వేస్తుందా. ఆమె జవాబులు చెబుతూ వేళ్ళు కదపకుండా నొక్కి పట్టుకునేది. వార్డులో అలాంటి మాటలు ఆపరు. మాట్లాడే రోగి స్పృహలో ఉన్న రోగి అని పెద్ద సిస్టర్ అభిప్రాయం.

తప్పు జరిగింది ఒక ఉదయం పూట. దర్జీ చేతి సూదులు తీసి పొట్టి స్టూలు మీద కూర్చుని నొక్కి పట్టుకుంది. కిడ్నీల పెద్ద డాక్టర్ రౌండ్స్‌కు లోపలికి వచ్చారు. ఆమె కాళ్ళు లేచాయి. స్టూలు దిగి, రెండు చేతులూ పక్కకు పెట్టుకుని, నిటారుగా నిలబడి "గుడ్ మార్నింగ్ సర్" అంది. గాజుగుడ్డ కింద పడింది. రక్తం ముందు దుప్పటి మీద, తర్వాత నేల మీద, తర్వాత ఆమె తెల్ల బూట్ల మీద పడింది. ఆమె కంటే ముందు డాక్టరే రెండు అంగల్లో వచ్చి బొటనవేలితో అదిమి పట్టారు. "గుడ్ మార్నింగ్" అని ఆయన కూడా అన్నారు. అది రేడియో సాక్ష్యం. వెటకారంగా అన్నారా అని అడిగితే, "లేదు సర్, పాపం మామూలుగానే అన్నారు. అందుకే ఇంకా సిగ్గేసింది" అంది.

దర్జీకి ప్రమాదం తప్పింది. నీరసం మాత్రం మిగిలింది. పడుకునే అన్నాడట: "నేను పోతే రాతి మీద రాయించండి. డాక్టర్ గారికి మర్యాద జరిగింది, దర్జీ పోయాడు అని."

పెద్ద సిస్టర్ తిట్టలేదు. రక్తపు దుప్పటి చుట్టి పొట్టి చేతిలో పెట్టి, వెనక గదిలోని సిమెంటు తొట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. చన్నీళ్ళు వదిలి, ఉతకమంది. తాను పక్కనే నిలబడింది. ఆ సంభాషణ ఇద్దరూ ఒకేలా చెప్పారు. వాళ్ళు మాట్లాడుకున్నది ఇంగ్లిష్‌లో. మన మాటల్లో ఇలా ఉంటుంది.

"ఎందుకు లేచావు?"

"డాక్టర్ గారు వచ్చారని."

"ఆయనకి కుర్చీ కావాలన్నారా?"

"లేదు సిస్టర్."

"కాళ్ళు నొప్పులన్నారా?"

"లేదు. మా దగ్గర లేస్తాం."

"మా దగ్గరా లేస్తాం. నేనూ లేస్తాను, చూశావుగా. చేతులు ఖాళీగా ఉంటే లే. మర్యాద మంచిదే. మనిషి మీద చెయ్యి ఉన్నవాళ్ళు మాత్రం ఎవరికీ లేవరు. ఆయనకీ లేవరు, మంత్రికీ లేవరు, నాకూ లేవరు. అర్థమైందా?"

"అర్థమైంది."

"అర్థమైంది నీ తలకి. కాళ్ళకి చెప్పు."

కాళ్ళకు చెప్పడం అంత తేలిక కాలేదు. తర్వాతి రౌండ్స్‌లో తలుపు చప్పుడుకు ఆమె మళ్ళీ సగం లేచి కూర్చుంది. అప్పుడు ఆమె తనకు తానే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. స్టూలు కాళ్ళ మధ్య అడ్డంగా ఒక కమ్మీ ఉంటుంది. నొక్కి పట్టుకుని కూర్చున్నప్పుడు కుడి పాదాన్ని ఆ కమ్మీ వెనక్కి దూర్చి, ఎడమ పాదాన్ని దాని మీదుగా మెలిపెట్టి బిగించేది. కాళ్ళు లేవబోతే స్టూలు పట్టుకుని ఆపేది. రేడియో పగలబడి నవ్వింది.

"ఒసే, గేదెని రాటకి కట్టేసినట్టు నిన్ను నువ్వే కట్టేసుకున్నావేమిటే!"

"తాడు తెగనంత వరకూ నవ్వుకో."

"అయినా నువ్వు లేచినా కూర్చున్నా ఒకే ఎత్తు కదే. ఎవరికి తెలుస్తుంది?"

"దర్జీ తాతకి తెలుస్తుంది."

దర్జీకి ఆమె క్షమాపణ చెప్పింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండుసార్లు వేరే నర్సు చేత నొక్కించుకున్నాడు. మూడోసారి వచ్చినప్పుడు చెయ్యి ఆమె వైపు చాపి, "ముందు నీ కాళ్ళు చూపించు" అన్నాడు. మెలిపడి ఉన్న పాదాలు చూసి తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి తిరిగి ఆమెకు దక్కడం మార్కులు రావడం లాంటిది కాదని ఆమె విచారణలో చెప్పింది.

టర్మ్ గడిచింది. ఆమె సూదులు గుచ్చడం నేర్చుకుంది. యంత్రం కూత వినగానే అది గాలికా, ఒత్తిడికా, గొట్టం మెలికకా అని చూడకుండా చెప్పడం నేర్చుకుంది. బరువు ఎక్కువ చూపితే యంత్రం ఎక్కువ నీరు తీసేస్తుందన్న ఆశతో, తూచేటప్పుడు రోగులు జేబులో తాళాలు దాచి మోసం చేస్తారని, వాళ్ళను అవమానించకుండా ఆ తాళాలు బయటికి తీయించడం ఒక విద్య అని తెలుసుకుంది. పెద్ద సిస్టర్ ఇచ్చిన అంచనాలో ఆమెకు లోపాలూ ఉన్నాయి: చేతిరాత అర్థం కాదు, అలసిపోతే ముభావంగా ఉంటుంది, సాయం అడగదు. ఇవన్నీ నిజమేనని ఆమె ఒప్పుకుంది.

టర్మ్ ఆఖరులో, ఒప్పందం పొడిగించడానికి కాలేజీ చైర్మన్ గారూ ప్రిన్సిపాల్ గారూ ఆ ఆసుపత్రికి వచ్చారు. చైర్మన్ గారి గురించి నిష్పక్షపాతంగా చెప్పాలి. ఆయన మంచి సర్జన్. ఆ కాలేజీ, ఆసుపత్రి రెండూ ఆయన కష్టం మీద లేచినవి. రోగితో దురుసుగా మాట్లాడిన డాక్టర్‌ను ఉద్యోగంలోంచి తీసేసిన మనిషి. ప్రిన్సిపాల్ గారు ముప్పై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా నిలబడిన మనిషి. చెడ్డవాళ్ళను వెతికి పెట్టుకుని ఈ కథ చెప్పుకోవడం సులువే. అది మాత్రం నిజం కాదు.

ఆ ఉదయం దర్జీ పరిస్థితి మామూలుగా లేదు. గుండెలో ఏదో తేడా వచ్చిందని కొత్తగా రక్తం పలచబడే మందు మొదలుపెట్టారు. సూదులు తీశాక రక్తం ఎంతకీ ఆగటం లేదు. పొట్టి స్టూలు మీద కూర్చుని, ఆయన చేతిని తన ఒళ్ళో దిండు మీద పెట్టుకుని, నొక్కి పట్టుకుంది. పాదాలు కమ్మీకి మెలిపడి ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. చైర్మన్ గారు చేతిలో పూలగుత్తితో వచ్చారు. వెనక ప్రిన్సిపాల్ గారు. బల్ల దగ్గరున్న పెద్ద సిస్టర్ లేచింది. దూది సర్దుతున్న రేడియో లేచింది. చేతులు ఖాళీగా ఉన్న మిగతా నర్సులంతా లేచారు. పొట్టి కూర్చునే, "గుడ్ మార్నింగ్ సర్, గుడ్ మార్నింగ్ మేడమ్" అంది.

"మేడమ్ కనుబొమలు జుట్టులోకి వెళ్ళిపోయాయి సర్" అని రేడియో సాక్ష్యం.

దర్జీ ఒక కన్ను తెరిచి పొట్టిని అడిగాడు. "ఎవరాయన? మీ నాన్నా?"

"కాదు. మా కాలేజీ పెద్ద."

"మరి లేవవేం? నాకు అలవాటేగా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వింది. చైర్మన్ గారిని చూసి నవ్విందన్న ఆరోపణ పుట్టింది ఇక్కడే. నవ్విన మాట నిజం. ఆయనను చూసి కాదు. కాలు మీద కాలు వేసుకుందన్న ఆరోపణకూ మూలం ఇక్కడే ఉంది. దూరం నుంచి చూసినవారికి ఆ మెలిక అలాగే కనబడుతుంది.

ప్రిన్సిపాల్ గారు మంచం దగ్గరికి వచ్చి తగ్గు గొంతుతో అన్నారు.

"లే."

"రక్తం ఆగలేదు మేడమ్."

"ఒక్క క్షణం లేచి కూర్చో. అందరూ చూస్తున్నారు."

"లేవను మేడమ్."

ఈ మాట ఇద్దరూ ఒప్పుకున్నారు. గొంతు పెంచలేదనీ ఇద్దరూ ఒప్పుకున్నారు. చైర్మన్ గారు వార్డు చూసి, పెద్ద సిస్టర్‌తో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయారు. వచ్చిన గొడవ ఇంతే. మిగతాదంతా తిరిగి వచ్చాక పెరిగింది.

కాలేజీ పెట్టిన షరతు ఇది. ప్రార్థన సమావేశంలో అందరి ముందు నిలబడి, పెద్దల పట్ల అవిధేయంగా ప్రవర్తించానని క్షమాపణ చదవాలి. చదివితే చివరి పరీక్షకు అనుమతి వస్తుంది. చదవకపోతే రాదు. నాలుగేళ్ళ చదువు ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగింది.

ఇంట్లో తండ్రి బతిమాలాడు. "ఒక్క సారీ కదమ్మా. నేను రోజుకి ఎంతమందికి చెప్తాను! చిల్లర లేదని సారీ, బస్సు లేటని సారీ, ఎవడో ఎవడి కాలో తొక్కితే దానికీ నాదే సారీ. నోరేమైనా అరిగిపోయిందా?"

"నీ నోరు అరగలేదు నాన్నా. కానీ నువ్వు సారీ చెప్పావని బస్సులోంచి ఎవరూ కింద పడలేదు."

"అంటే?"

"నేనిది చదివానంటే, వింటున్న మొదటి సంవత్సరం పిల్లలు రేపు చెయ్యి తీసేసి లేస్తారు. నేను లేచినట్టే."

మేనత్త "ఎదురు చెప్పే ఆడపిల్లకి ఎక్కడా ఉద్యోగం ఇవ్వరు" అంది. తల్లి మిషను తొక్కడం ఆపింది. "వదినా, దాని కాళ్ళు అదే కట్టేసుకుంది. విప్పుకోవడమో మానడమో దానికే వదిలెయ్" అని మళ్ళీ తొక్కింది.

విచారణలో చైర్మన్ గారు దాపరికం లేకుండా మాట్లాడారు. "ఆ క్షణం నేను పెద్దగా పట్టించుకోలేదు. అయినా నలుగురి ముందు జరిగింది. సంస్థకో క్రమశిక్షణ ఉంటుంది. అసలు ఆ పిల్ల లేచి ఉంటే నేనే కూర్చోమనేవాణ్ణి" అన్నారు.

ఈ మాట పొట్టికి చెప్పి, ఏమంటావని అడిగాము.

"అప్పటికి రక్తం పోయేది సర్."

సంఘంలోని న్యాయవాది ఒక సరైన ప్రశ్న వేశారు. చెయ్యి తీయకుండానే లేచి నిలబడవచ్చు కదా అన్నారు. ఆమెకు వ్యతిరేకమైన వాదనల్లో బలమైనది ఇదే, తేల్చకుండా వదలడానికి వీల్లేదు. కాలేజీ అభ్యాస గదిలో అంత ఎత్తు మంచం, అంత ఎత్తు స్టూలు వేయించాము. నేర్పడానికి వాడే ప్లాస్టిక్ చెయ్యి ఒకటి ఉంది. దాని నాళంలో ఎర్రరంగు నీళ్ళు తిరుగుతాయి. పొట్టిని నొక్కి పట్టుకుని దిగమన్నాము. ఆమె పాదం నేలకు తగిలేసరికి మణికట్టు వంగింది, ఎర్రనీళ్ళు మంచం మీదికి కారాయి. ఒక పొడుగాటి లెక్చరర్‌ను అదే పని చేయమన్నాము. ఒక్క చుక్క కారలేదు.

కాబట్టి ఎవరూ అలా లేవలేరన్న ఆమె స్నేహితుల వాదన తప్పు. ఈమె లేచి ఉంటే రక్తం పోయేదన్నది నిజం. కావాలనే కార్చిందని న్యాయవాది అన్నారు. పక్కనే నిలబడి చూస్తున్న రేడియో ఉండబట్టలేక, "సర్, కావాలని పొట్టిగా పుట్టిందంటారా?" అంది. ఆమెను బయటికి పంపాల్సి వచ్చింది. ప్రశ్న మాత్రం గదిలోనే ఉండిపోయింది.

పెద్ద సిస్టర్‌ను వీడియోలో అడిగాము. "మీ వార్డులో మీ అతిథికి అవమానం జరిగిందని మీకు అనిపించిందా?"

"నేను లేచాను. నా నర్సులు లేచారు. అతిథికి ఇంకెంతమంది కావాలి?" అంది ఆమె. ఆ వెంటనే, "ఆ పిల్ల లేచి ఉంటే ఆ రోజే ఇంటికి పంపేదాన్ని. రెండోసారి క్షమించను" అంది.

ప్రిన్సిపాల్ గారిని నేను ఒకటే అడిగాను. "మీరు ఆ స్టూలు మీద ఉంటే ఏం చేసేవారు?"

ఆవిడ బల్ల అంచు చూస్తూ, "లేచేదాన్ని" అన్నారు. తర్వాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు, "లేచాను కూడా. చాలాసార్లు" అన్నారు. ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. దాన్ని నేను ఆవిడ పక్షాన లెక్కవేశాను.

చివరి రోజు పొట్టిని పిలిచి, క్షమాపణ రాసి ఇస్తే అక్కడితో ముగుస్తుందన్నారు న్యాయవాది. ఆమె తెల్ల కాగితం అడిగింది. గది తేలికపడింది. ఆమె రాసి ఇచ్చింది, న్యాయవాది పైకి చదివారు. ఆ ఆసుపత్రిలో ఒక ఉదయం డాక్టర్ గారు రాగానే రోగి మీద నుంచి చెయ్యి తీసి లేచి నిలబడ్డానని, దానివల్ల ఒక మనిషి రక్తం పోయిందని, అందుకు క్షమించమని కోరుతున్నానని అందులో ఉంది.

"ఇది కాదమ్మా మేము అడిగింది."

"నా దగ్గరున్న తప్పు ఇదొక్కటే సర్."

"మరి చైర్మన్ గారు వచ్చిన రోజు సంగతి?"

"ఆ రోజు నేను తప్పు చేయలేదు."

"'లేవను' అన్నావు కదా. కనీసం ఆ మాటకైనా?"

"లేవకూడదు కాబట్టి లేవనన్నాను. ఇప్పుడు అడిగినా అదే అంటాను. ఈ కాగితం ప్రార్థనలో చదవమంటే చదువుతాను సర్. బాత్రూంలో దాక్కోకుండా చదువుతాను."

సంఘం ఏకాభిప్రాయానికి రాలేదు. ఆమె తప్పేమీ లేదని నేనూ, డాక్టర్ సభ్యుడూ రాశాము. సంస్థ గౌరవానికి భంగం కలిగిందని న్యాయవాది రాశారు. కాలేజీ మా మాట కంటే ఆయన మాటకు ఎక్కువ విలువ ఇచ్చింది. అది దాని అధికారం. ఆ ఏడు ఆమెను పరీక్షకు కూర్చోనివ్వలేదు. స్నేహితురాళ్ళు ఉద్యోగాల్లో చేరారు. ఆమె తన తర్వాతి బ్యాచ్ పిల్లలతో కలిసి మళ్ళీ వార్డు డ్యూటీలు చేసింది.

అక్కడ ఆ పాత ఆట ఇంకా నడుస్తోంది. ఒకరోజు అభ్యాస గదిలో ఆమె ప్లాస్టిక్ చేతిని నొక్కి పట్టుకుని జూనియర్లకు చూపిస్తుండగా ఎవరో తలుపు చాటు నుంచి "డాక్టర్!" అని అరిచారు. అందరూ లేచారు. ఆమె లేవలేదు. నొక్కి పట్టుకోవాల్సిన సమయం అయ్యేదాకా వేళ్ళు తీయలేదు. ఆ పూట మెస్సులో అందరి గ్లాసులూ ఆమే కడిగింది. ఒక జూనియర్, "అక్కా, బొమ్మ చెయ్యే కదా, లేస్తే పోయేది కాదా?" అని అడిగిందట.

"గ్లాసు ఇటివ్వు. ఇంకా జిడ్డుంది" అంది పొట్టి.

మర్నాటి నుంచి ఇద్దరు జూనియర్లు ఆమె పక్కన నిలబడి గ్లాసులు కడగడం మొదలుపెట్టారు. అంతకు మించి ఆ కాలేజీలో ఏ విప్లవమూ రాలేదు. నియమం మారలేదు. మరుసటి ఏడు ఆమె పరీక్ష రాసి పాసైంది. క్షమాపణ మాత్రం ఎవరికీ చదవలేదు. ఇప్పుడు ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో పని చేస్తోంది. చేరిన రోజే ఎత్తయిన స్టూలు, అడ్డ కమ్మీ ఉన్నది, కావాలని అడిగి తీసుకుంది.

ఇక రుజువైన సంగతి ఇంతే. ఆమె ఎవరినీ కసరలేదు. పూలు విసరలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. ఆమె చేతుల్లో ఎవరూ చనిపోలేదు. దర్జీ ఆ పూట తన కాళ్ళ మీద నడిచి ఇంటికి వెళ్ళాడని పెద్ద సిస్టర్ నిర్ధారించింది. ఆ అమ్మాయి ఒక రోగి రక్తం ఆగేదాకా రెండు వేళ్ళు తీయలేదు, తీయమన్నప్పుడు తీయనని చెప్పింది. రక్తం ఆగాక కట్టు కట్టి, పాదాలు విడిపించుకుని, స్టూలు దిగి, చేతులు కడుక్కుని, తలుపు దాకా వెళ్ళి చైర్మన్ గారికి నమస్కారం పెట్టబోయింది. అప్పటికి ఆయన వెళ్ళిపోయారు.